కుక్కపిల్లను తెచ్చుకుంటున్నారా? ముందు దాని స్వభావం చూడండి



ఆరోగ్య పత్రికలో కుక్కపిల్లల గురించి పాఠమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. కుక్క కాటు ఇంజెక్షను కోసం ఆసుపత్రికి వచ్చేవారిని చూస్తే ఆ సందేహం తీరిపోతుంది. వారిలో వీధికుక్క కరిచినవారే కాదు, ఇంట్లో ముద్దుగా పెంచుకున్న కుక్క కరిచినవారు కూడా ఉంటారు. కాళ్ళకు అడ్డం వచ్చిన కుక్కపిల్ల మూలంగా జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దవారు ఉంటారు. కుక్కను తెచ్చిన నెలకే ఆయాసం ఎక్కువైన పిల్లలు ఉంటారు.

మరోవైపు, కుక్క వలన మేలు పొందినవారూ ఉన్నారు. ఒంటరిగా ఉన్న తాతయ్యకు అది తోడవుతుంది. నడవమని డాక్టరు ఎంత చెప్పినా కదలని షుగరు రోగిని ఉదయం, సాయంత్రం వీధిలోకి తీసుకువెళ్తుంది. కాబట్టి కుక్క వద్దని మేము చెప్పబోవడం లేదు. ఏ ఇంటికి ఏ కుక్కపిల్ల సరిపోతుందో చూసి ఎంచుకోండి అని మాత్రమే చెబుతున్నాము. రంగు, బొచ్చు, ముఖం చూసి తెచ్చుకునే కుక్కపిల్ల ఆరు నెలల్లో పెద్దదైపోతుంది. దాని స్వభావం మాత్రం పది పన్నెండేళ్ళు మన ఇంట్లో ఉంటుంది.

స్వభావం అంటే ఏమిటి?

ఒకే తల్లికి ఒకే ఈతలో పుట్టిన నాలుగు పిల్లలను చూడండి. ఒకటి అందరికంటే ముందు పరుగెత్తుకు వస్తుంది. ఒకటి దూరంగా నిలబడి చూసి, తర్వాత వస్తుంది. ఒకటి మూలకు నక్కుతుంది. ఇంకొకటి మనల్ని పట్టించుకోకుండా చెప్పు కొరుకుతూ ఉంటుంది. కొత్త మనిషి, కొత్త శబ్దం, కొత్త వస్తువు ఎదురైనప్పుడు కుక్కపిల్ల సహజంగా ఎలా నడుచుకుంటుందో అదే దాని స్వభావం.

ఇది కొంత తల్లిదండ్రుల నుండి వస్తుంది, కొంత పెంపకం నుండి వస్తుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి, 1965లో పుస్తకం ప్రచురించారు. కుక్కపిల్లకు సుమారు 3 వారాల నుండి 12 వారాల వయసు వరకు మనుషులతో స్నేహం నేర్చుకునే సమయమని వారు గుర్తించారు. ఆ వారాల్లో మనిషి చేయి తగలని పిల్ల పెద్దయ్యాక కూడా మనిషిని చూసి బెదురుతుంది. భయపడే కుక్కే ఎక్కువగా కరుస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

ముందు మన ఇంటిని చూసుకుందాం

కుక్కపిల్లను పరీక్షించే ముందు మన ఇంటిని మనమే పరీక్షించుకోవాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ సంగతులు మాట్లాడుకోండి.

1. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు? ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి బాగా దూకుడు గల పిల్ల వద్దు, బాగా పిరికిది కూడా వద్దు. మొదటిది పసివాడిని పడదోస్తుంది. రెండవది తప్పించుకునే దారి లేనప్పుడు కరుస్తుంది. మోకాళ్ళ నొప్పులతో, చేతికర్రతో నడిచే పెద్దవారున్న ఇంటికి కుక్కపిల్లకంటే రెండు మూడేళ్ళ వయసున్న నెమ్మదైన కుక్క మేలు. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి చిన్న గీత పడినా రక్తం ఆగడం కష్టం. కుక్కపిల్ల పాలపళ్ళు సూదుల్లా ఉంటాయని మరువకండి.

2. పగలు ఇంట్లో ఎవరు ఉంటారు? రెండు మూడు నెలల పిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, సుమారు రెండు గంటలకొకసారి బయటికి తీసుకువెళ్ళాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి, పిల్లలు బడికి వెళ్ళే ఇంట్లో అది రోజంతా ఒంటరిగా ఏడుస్తుంది, తలుపులు కొరుకుతుంది. కనీసం మొదటి రెండు మూడు నెలలు ఎవరైనా ఇంట్లో ఉండగలిగితేనే తెచ్చుకోండి.

3. చుట్టుపక్కల శబ్దం ఎంత? నాంపల్లి, అబిడ్స్ వాసులకు ఇది ముఖ్యమైన ప్రశ్న. స్టేషను దగ్గర రైళ్ళ కూతలు, మైకులు. జనవరి 1 నుండి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జనం. ఫంక్షను హాళ్ళ ముందు బరాత్ బ్యాండు. బోనాలకు డప్పులు. గణేశ్ నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్, అబిడ్స్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళ్ళే ఊరేగింపు. దీపావళి టపాసులు సరేసరి. శబ్దానికి వణికిపోయే పిల్ల ఈ వీధుల్లో ఏడాది పొడుగునా బాధపడుతుంది. శివార్లలో తోట ఉన్న ఇంట్లో అదే పిల్ల హాయిగా బ్రతకవచ్చు.

4. వచ్చేపోయేవారు ఎందరు? ట్యూషను పిల్లలు, ఇంటి కూడికలకు వచ్చేవారు, బంధువులు తరచుగా వచ్చే ఇంటికి కాపలా బుద్ధి ఎక్కువగా గల కుక్క పనికిరాదు. కొత్తవారిని చూసి తోక ఊపే పిల్ల కావాలి.

5. ఎవరికైనా ఉబ్బసం, చర్మపు ఎలర్జీ ఉందా? ఎలర్జీ కలిగించే పదార్థం కుక్క వెంట్రుకలోనే కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో కూడా ఉంటుంది. కాబట్టి ఎలర్జీ అసలు రానివ్వని కుక్క జాతి అంటూ లేదు, అమ్మేవారు ఎంత చెప్పినా నమ్మకండి. ముందుగా కుక్క ఉన్న బంధువుల ఇంటికి నాలుగైదుసార్లు వెళ్ళి, ఒక్కోసారి గంటసేపు గడిపి చూడండి. కీమోథెరపీ, డయాలిసిస్, కిడ్నీ మార్పిడి రోగులు తమ డాక్టరును అడగకుండా కుక్కపిల్లను తెచ్చుకోకూడదు. గర్భిణీ స్త్రీలు టాక్సోప్లాస్మా గురించి అడుగుతుంటారు. ఆ క్రిమి పిల్లుల మలం ద్వారా వ్యాపిస్తుంది, కుక్కల ద్వారా కాదు.

ఏ జాతి మంచిది?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. 2003లో హచ్ ఫోను ప్రకటనలో ఒక చిన్న బాబు వెనుక పగ్ కుక్క నడిచింది. అప్పటి నుండి దేశమంతటా ఎన్నో ఇళ్ళకు పగ్‌లు వచ్చాయి. దాని ముక్కు నొక్కుకుపోయి ఉండటం వలన ఊపిరి కష్టమని, హైదరాబాద్ మే నెల ఎండకు అది తట్టుకోలేదని ఆ ప్రకటనలో ఎవరూ చెప్పలేదు. మంచు దేశాల హస్కీ, సెయింట్ బెర్నార్డ్‌లకూ మన ఎండలు శిక్షే.

జాతిని బట్టి స్వభావం తేలిపోతుందన్నది కూడా పూర్తి నిజం కాదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన 18,000కు పైగా కుక్కల గురించి యజమానులు చెప్పిన వివరాలను పరిశీలించింది. ఒక కుక్కకూ మరొక కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాలో జాతి వలన వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. అంటే ల్యాబ్రడార్లలో కోపిష్టివి ఉంటాయి, అల్సేషియన్లలో సాధువులు ఉంటాయి. అయితే ఒళ్ళు ఎంత పెరుగుతుంది, బొచ్చు ఎంత, పరుగు ఎంత కావాలి అన్న సంగతులు జాతిని బట్టి ముందే తెలుస్తాయి. పెద్ద దవడ గల కుక్క కరిస్తే గాయం కూడా పెద్దదే. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మన దేశపు కుక్కలను చిన్నచూపు చూడకండి. 2005 జనవరిలో తపాలా శాఖ ముధోల్ హౌండ్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్ అనే నాలుగు దేశీయ జాతులపై తపాలా బిళ్ళలు విడుదల చేసింది. మన తెలుగు నేలకు కూడా సొంత కుక్కలున్నాయి. కోస్తాలో కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాసే జోనంగి ఒకటి, కర్నూలు జిల్లా పందికోన గ్రామం పేరుతో ప్రసిద్ధమైన కాపలా కుక్క ఇంకొకటి. ఇవి మన ఎండకు అలవాటు పడినవి. కాని బయలు ప్రదేశంలో పని చేయడానికి పుట్టిన కుక్కలు గనుక, రెండు గదుల ఫ్లాటులో కట్టివేస్తే వాటికీ మనకూ సుఖం ఉండదు. ఊళ్ళో పొలం, పెరడు ఉన్నవారికి బాగుంటాయి.

అపార్ట్‌మెంటు వాసులకు మన వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్ల చాలాసార్లు చక్కగా సరిపోతుంది. మధ్యరకం ఒళ్ళు, పొట్టి బొచ్చు, ఎండను ఓర్చుకునే గుణం దానికి ఉంటాయి. 2025 ఆగస్టులో జిహెచ్‌ఎంసి బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. జూబ్లీహిల్స్‌లో 1992 నుండి పనిచేస్తున్న బ్లూ క్రాస్ సంస్థ కూడా కుక్కలను దత్తత ఇస్తుంది. ఇలాంటి చోట పెద్ద కుక్కల స్వభావం గురించి, వాటిని రోజూ చూసేవారిని అడిగి తెలుసుకోవచ్చు.

ఎక్కడ, ఏ వయసులో తీసుకోవాలి?

ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. నెల రోజుల పిల్లను తీసుకువచ్చి, బాగా మాలిమి అవుతుందని అమ్మేవారి మాట వినకండి. తల్లి దగ్గర, తోటి పిల్లల మధ్య ఉన్నప్పుడే కుక్కపిల్ల ఒక గొప్ప పాఠం నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని అరచి ఆట మానేస్తుంది. అలా ఎంత మెల్లగా కొరకాలో దానికి తెలుస్తుంది. ముందుగానే విడదీసిన పిల్లకు ఈ పాఠం రాదు, అది మన పిల్లల చేతుల మీద నేర్చుకోవలసి వస్తుంది.

వీలైతే తల్లికుక్కను తప్పక చూడండి. తల్లి మనుషులను చూసి గుర్రుమంటుంటే, వణుకుతుంటే, పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నా ఆలోచించండి. తల్లిని చూపించకుండా సంతలోనో, కారు డిక్కీలోనో పిల్లను చేతిలో పెట్టేవారి దగ్గర తీసుకోకండి.

ఆరు చిన్న పరీక్షలు

ఏడెనిమిది వారాల వయసులో ఈ పరీక్షలు చేయవచ్చు. పిల్ల నిద్రలేచి హుషారుగా ఉన్నప్పుడు, తిన్న వెంటనే కాకుండా, తోటి పిల్లల నుండి వేరుగా, దానికి కొత్తదైన గదిలో చేయండి. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు చాలు.

1. పిలుపు. నేల మీద కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టి పిలవండి. తోక ఊపుతూ వస్తే స్నేహశీలి. దూకి చేతులు కొరికితే దూకుడు ఎక్కువ. కాస్త ఆలోచించి వచ్చినా మంచిదే. తోక కాళ్ళ మధ్య ముడుచుకుని మూలకు పోతే పిరికిది.

2. వెంట నడక. లేచి నెమ్మదిగా నడవండి. వెంట వచ్చేది మనిషి తోడు కోరుకుంటుంది. తన దారిన తాను పోయేది స్వతంత్రురాలు, దానికి మాట నేర్పడానికి ఓపిక కావాలి.

3. పట్టుకోవడం. రెండు చేతులతో ఒడిలో అర నిమిషం పట్టుకోండి. కాసేపు గింజుకుని తర్వాత ఊరుకునేది మంచి పిల్ల. చివరి వరకు గుర్రుమంటూ కొరికేది చిన్న పిల్లలున్న ఇంటికి వద్దు. బిగుసుకుపోయి కళ్ళు తిప్పుకునేది భయంతో ఉందని అర్థం.

4. తాకడం. చెవులు, పాదాలు, తోక, నోరు మెల్లగా తాకి చూడండి. పసిపిల్లలు కుక్క తోక లాగకుండా ఉండరు. తాకితే సహించే పిల్ల కావాలి.

5. శబ్దం. ఐదారు అడుగుల దూరంలో స్టీలు గ్లాసు జారవిడవండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి, కొద్ది క్షణాల్లో తేరుకుని, ఆ గ్లాసును వాసన చూడటానికి వచ్చే పిల్ల మన నాంపల్లికి సరిపోతుంది. పారిపోయి ఐదు నిమిషాలైనా బయటికి రానిది సరిపోదు.

6. తిండి గిన్నె. కొంచెం అన్నం పెట్టి, తినేటప్పుడు పక్కన కూర్చుని, ఇంకొంచెం గిన్నెలో వేయండి. తోక ఊపితే మంచిది. బిగుసుకుపోయి గబగబా మింగుతూ గుర్రుమంటే, గిన్నె దగ్గర జాగ్రత్తగా ఉండవలసిన పిల్ల అని గుర్తించండి. గిన్నె లాగేసి దాన్ని కవ్వించకండి.

ఈ పరీక్షలు జాతకం కావు. ఈ వయసులో చేసిన పరీక్ష పెద్దయ్యాక కుక్క ఎలా ఉంటుందో ఖచ్చితంగా చెప్పలేదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అందుకే ఒకే రోజు చూసి నిర్ణయించకండి, రెండు మూడు రోజుల తేడాతో మళ్ళీ వెళ్ళండి. రెండుసార్లూ ఒకేలా ఉంటే దానికి కొంత విలువ ఇవ్వవచ్చు. బాగా పిరికిదాన్ని, బాగా దూకుడు గలదాన్ని పక్కన పెట్టడానికి ఇవి పనికివస్తాయి. మిగిలిన పని మన పెంపకానిది.

ఒక ఉదాహరణ

రెడ్‌హిల్స్‌లో మూడవ అంతస్తులో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి ఉద్యోగి, తల్లి ఇంట్లోనే ఉంటుంది, ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న నానమ్మ. వారి ముందు నాలుగు పిల్లలున్నాయి. మొదటిది అందరికంటే ముందు ఉరికి వచ్చి పాప గౌను పట్టి లాగింది. పాప నవ్వి, ఇదే కావాలంది. రెండవది మంచం కింద దూరింది. తల్లికి జాలి వేసి, పాపం దీన్ని తీసుకుందామంది. మూడవది కాస్త ఆగి చూసి, నానమ్మ పాదాల దగ్గరికి వచ్చి వాసన చూసి కూర్చుంది. గ్లాసు శబ్దానికి ఉలిక్కిపడి, వెంటనే తేరుకుంది. నాలుగవది హుషారైనదే కాని, గిన్నె దగ్గర గుర్రుమంది.

మొదటిది పెరటి ఇంట్లో, కుక్కల అనుభవం గల యువకుడికి మంచి తోడవుతుంది. ఈ ఇంట్లో మాత్రం నానమ్మను పడవేస్తుంది. రెండవదానికి పిల్లలు లేని, నిశ్శబ్దమైన, ఓపిక గల ఇల్లు కావాలి. జాలితో ఈ ఇంటికి తెస్తే పాపకూ, ఆ పిల్లకూ ఇద్దరికీ అన్యాయమే. నాలుగవది అన్నం ముద్ద చేత్తో పట్టుకుని తిరిగే పిల్లలున్న ఇంటికి తగదు. మూడవదే వీరికి సరైనది. చూడగానే మనసు దోచే పిల్ల, దయనీయంగా కనిపించే పిల్ల, ఈ రెండూ మనల్ని తొందరపెడతాయి. మధ్యస్థంగా ఉన్నది తరచుగా ఎవరి కంటా పడదు. కుటుంబానికి ఎక్కువసార్లు కావలసింది అదే.

తెచ్చిన తర్వాత

మొదటి వారంలోనే పశువైద్యునికి చూపించండి. అబిడ్స్‌కు దగ్గరలో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. నులిపురుగుల మందు తప్పనిసరి. కుక్కపిల్లల మలంలోని ఏలిక పాముల గ్రుడ్లు మట్టి ద్వారా పసిపిల్లల నోట్లోకి పోతే కంటికి, కాలేయానికి హాని కలగవచ్చు. కుక్కను తాకిన తర్వాత, భోజనానికి ముందు పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి. షుగరు రోగులు పాదాల పుండ్లను కుక్కచేత నాకించుకోకూడదు. నగరపాలక సంస్థలో కుక్కను నమోదు చేయించండి.

టీకాలు పూర్తయ్యే వరకు నేల మీద వదలకపోయినా, చేతులలో ఎత్తుకుని వీధి చూపించండి. ఆటో, గొడుగు, బురఖా వేసుకున్న స్త్రీ, గడ్డం గల పెద్దమనిషి, బడి పిల్లలు, ఇవన్నీ చిన్ననాడే చూసిన కుక్క తర్వాత బెదరదు. కొట్టకండి. కొట్టిన కుక్క మాట వినడం నేర్చుకోదు, గుర్రుమని హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. ఐదారేళ్ళ లోపు పిల్లలను ఎంత మంచి కుక్కతోనైనా ఒంటరిగా వదలకండి.

సరిపోలేదని తేలితే వీధిలో వదిలివేయకండి. వదిలిన కుక్క బ్రతకడం కష్టం, బ్రతికితే వీధి గుంపులో చేరుతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయిన సంగతి నగరం మరువలేదు. తగిన ఇంటిని వెదకి అప్పగించడం మన బాధ్యత.

కుక్కపిల్లే కదా అనుకోకండి

చిన్న పిల్ల కరిస్తే ఏమీ కాదనే నమ్మకం చాలామందిలో ఉంది. ఇది ప్రాణాలు తీసే నమ్మకం. 2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో ఒక యువ కబడ్డీ క్రీడాకారుడు రేబిస్‌తో మరణించాడు. అంతకు కొన్ని నెలల ముందు కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడుతుండగా అది అతని వేలు కొరికింది. చిన్న గాయమే గదా అని అతడు టీకా వేయించుకోలేదు. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బ్రతకరు. ముందుగా టీకా వేయించుకుంటే దాదాపు అందరూ బ్రతుకుతారు.

కుక్క గాని, కుక్కపిల్ల గాని కరిచినా, గీరినా, గాయం మీద నాకినా ఇలా చేయండి.

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. నారాయణగూడలోని ఐపిఎంలో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో కూడా టీకా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజులలో వేస్తారు. ఒకటి రెండు సూదులతో మానివేయకండి. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అవసరం. గర్భిణీ స్త్రీలు, బాలింతలు, పసిబిడ్డలు కూడా ఈ టీకా తీసుకోవచ్చు. తిడతారనే భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. కరిస్తే వెంటనే చెప్పమని, చెప్పినందుకు కోప్పడమని ఈ రోజే మీ పిల్లలకు మాట ఇవ్వండి.

ఇంట్లో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో ఎవరికి కుక్క వలన ఎక్కువ ఇబ్బంది కలగవచ్చు? వారిని అడిగామా?
2. మొదటి మూడు నెలలు పగటిపూట కుక్కపిల్లను ఎవరు చూసుకుంటారు?
3. మన వీధిలో ఏ ఏ శబ్దాలు ఉంటాయి? ఎప్పుడెప్పుడు?
4. ఈ పిల్ల మనకు నచ్చింది దాని రూపం వలనా, స్వభావం వలనా?
5. తల్లికుక్కను చూశామా? రెండవసారి వెళ్ళామా?
6. కుక్క కరిస్తే మొదట చేయవలసిన పని ఏమిటో ఇంట్లోని పిల్లలు చెప్పగలరా?

ఈ ఆరింటికీ జవాబులు దొరికిన తర్వాతనే కుక్కపిల్లను తెచ్చుకోండి. జవాబు దొరకని ప్రశ్న ఉంటే మరికొన్ని నెలలు ఆగండి. కుక్కపిల్లలు ఎప్పుడైనా దొరుకుతాయి.